లైసెన్సు చేతికొచ్చింది... అసలు పాఠం ఇప్పుడే!

పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మా బాన్సువాడ రోడ్ల మీద స్కూటీలు నడిపే ఆడవాళ్లను లెక్కపెట్టడం కష్టం. మాతాశిశు ఆస్పత్రికి డ్యూటీకి పోయే నర్సమ్మలు, పక్క ఊళ్ల బళ్లలో పాఠాలు చెప్పే టీచర్లు, మహిళా సంఘం పుస్తకాలు సంచిలో వేసుకుని బ్యాంకుకు పరుగులు తీసే లీడర్లు, ముందొకరిని వెనకొకరిని కూర్చోబెట్టుకుని పిల్లల్ని స్కూలుకు దింపే తల్లులు... అందరూ బండ్ల మీదే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు చార్జీ లేకపోయినా, బస్సొచ్చే టైమూ మన పని టైమూ కలవాలి కదా! లోపలి ఊళ్లకు రోజుకు రెండు ట్రిప్పులుంటే గొప్ప. అందుకే గ్యాసు పొయ్యి లాగే స్కూటీ కూడా మన ఇళ్లలో తప్పనిసరి వస్తువైపోయింది.

ఒకప్పుడు ఆడపిల్ల సైకిలెక్కితేనే వింతగా చూసిన ఊళ్లివి. ఈ మార్పు చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఆయన ఎప్పుడొస్తారా, కొడుకు ఎప్పుడు దింపుతాడా అని గుమ్మంలో నిలబడి ఎదురుచూసే పని తప్పింది.

అయితే ఆ సంతోషం పక్కనే ఒక దిగులు కూడా ఉంది. బండి కొన్న రోజు కొబ్బరికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, వాడకట్టంతా మిఠాయి పంచుతాం. మరి లైసెన్సు? చాలా ఇళ్లలో అది రాకముందే బండి రోడ్డెక్కుతుంది. తెచ్చుకున్నవాళ్లు కూడా "హమ్మయ్య, ఇక పోలీసులు ఆపినా భయం లేదు" అనుకుని పర్సులో పడేసి మర్చిపోతారు. లైసెన్సంటే పోలీసుకు చూపించే కార్డు అని మన మనసుల్లో నాటుకుపోయింది.

నిజానికి లైసెన్సు వచ్చిన రోజు నుంచి ఒక ఏడాది పాటే ఎక్కువ జాగ్రత్త కావాలి. అప్పటికి చేతులకు బండి నడపడం వచ్చేస్తుంది. కళ్లకు రోడ్డును చదవడం ఇంకా రాదు. ఆ ఏడాదికంటూ మన చట్టంలో ప్రత్యేకమైన కట్టుబాట్లు ఏమీ లేవు. నిన్న లైసెన్సు పొందిన పిల్లకూ, ఇరవై ఏళ్లుగా నడుపుతున్న పెద్దమనిషికీ ఒకటే రోడ్డు, ఒకటే వేగం. అందుకే ఆ కట్టుబాట్లేవో ఇంట్లో మనమే పెట్టుకోవాలి.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. "పదహారేళ్లకే ఇస్తారట కదా" అని కొందరు తల్లులు అడుగుతుంటారు. ఇస్తారు గాని, 50 సీసీ మించని ఇంజను ఉన్న బండ్లకే. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే స్కూటీలు, మోపెడ్లు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే. కాబట్టి ఆ పదహారేళ్ల మాట మన పిల్లలకు వర్తించదనే అనుకోవాలి.

బ్యాటరీ బండికి లైసెన్సు అక్కర్లేదన్న మాట కూడా సగమే నిజం. మోటారు శక్తి 250 వాట్లు దాటకుండా, గంటకు 25 కిలోమీటర్లకు మించి పోలేని బండ్లకు మాత్రమే ఆ వెసులుబాటు. అంతకు మించిన బ్యాటరీ స్కూటర్లకు నంబరు ప్లేటూ ఉండాలి, లైసెన్సూ ఉండాలి. కొనేటప్పుడే కాగితాలు చదివి తెలుసుకోవడం మంచిది.

మొదట తీసుకోవాల్సింది ఎల్‌ఎల్‌ఆర్. రోడ్డు గుర్తుల మీద, నియమాల మీద ప్రశ్నలడుగుతారు. నూటికి 60 వంతులు సరిగ్గా చెప్పాలి. దీని గడువు ఆరు నెలలు. తీసుకున్న 30 రోజులు దాటాకే అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లాలి. ఆ నెల రోజులు నేర్చుకోవడానికి ఇచ్చినవి, ఊరికే కూర్చోవడానికి కాదు! నేర్చుకునేటప్పుడు బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. ఎల్‌ఎల్‌ఆర్ మీద స్కూటీ నడుపుతూ వెనక నేర్పేవాళ్లను తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు. ఆ నేర్పేవాళ్లకు లైసెన్సు ఉండాలి. చెల్లెల్ని ఎక్కించుకుని కాలేజీకి పోవడం, బిడ్డను స్కూలుకు దింపడం అప్పుడు కుదరదన్నమాట.

పరీక్షలో తప్పితే మళ్లీ వారం రోజుల తర్వాతే పిలుస్తారు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత సొంత బండ్ల లైసెన్సుల గడువు కూడా మారింది. 30 ఏళ్ల లోపు తీసుకుంటే 40 ఏళ్లు వచ్చేదాకా, 30 నుంచి 50 లోపు తీసుకుంటే పదేళ్లు, 50 నుంచి 55 లోపు తీసుకుంటే 60 ఏళ్లు వచ్చేదాకా, ఆ పైన ఐదేళ్లు చెల్లుతుంది. గడువు తీరిన ఏడాది లోపు రెన్యువల్ చేయించుకోకపోతే మళ్లీ పరీక్ష ఇవ్వాల్సిందే. మన ఆడవాళ్లం రేషన్ కార్డు తేదీలన్నీ గుర్తుంచుకుంటాం గాని, సొంత లైసెన్సు తేదీ చూడం. ఈ పేజీ చదవడం అయ్యాక ఒక్కసారి తీసి చూడండి.

'ఎనిమిది' నేర్పిన పాఠం

మా తమ్ముడి భార్య మొదటిసారి పరీక్షలో తప్పింది. "వదినె, ఎనిమిదిల కాలు కింద పెట్టిన. ఫెయిల్ చేసిండ్రు. అందరి ముందట ఇజ్జత్ పోయింది" అంటూ ఏడుపు మొహంతో వచ్చింది. మా తమ్ముడు ఊరుకుంటాడా? "ఎవలికన్న నాలుగు పైసలిస్తే అయిపోతుండె. నేనే సక్కగ పోత అన్నవు గద" అని దెప్పాడు.

ఆ పిల్ల మొండిది. వారం రోజులు తెల్లవారుజామునే లేచి బడి గ్రౌండులో సున్నంతో ఎనిమిది గీసుకుని నడిపింది. మొదటి రెండు రోజులు ప్రతి మలుపులోనూ కాలు నేలకు తగిలేది. మూడో రోజుకు కిటుకు తెలిసింది. ముందు చక్రం వైపు చూస్తే బండి ఒరుగుతుంది, తిరగాల్సిన వైపు చూస్తే అటే తిరుగుతుంది! వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది, నెమ్మదిగా పడకుండా పోవడమే విద్య. రెండోసారి పాసయింది.

నాలుగు నెలల తర్వాత సందు మలుపులో ఒక చిన్నపిల్లాడు బంతి వెంట పరుగెత్తుకొచ్చి బండికి అడ్డంపడ్డాడట. రెండు బ్రేకులూ కలిపి పట్టి, బండి ఒరగకుండా ఆపగలిగింది. "ఆ వారం రోజులు నేర్చుకోకుంటే ఏమయిపోతుండెనో వదినె" అని నా దగ్గర కూర్చుని చెప్తుంటే ఇంకా ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి.

దొడ్డిదారిన లైసెన్సు ఇప్పిస్తామనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లకిచ్చే డబ్బుతో కార్డు కొనుక్కోవచ్చేమో, ఆ వారం రోజుల అభ్యాసాన్ని కొనుక్కోలేం. పరీక్షలో తప్పడం అవమానం కాదు. నువ్వింకా రోడ్డుకు సిద్ధంగా లేవని ఎవరికీ దెబ్బ తగలకుండా చెప్పే మాట అది.

వేరే దేశాల్లో మెట్లున్నాయి

మా చిన్నమ్మ కూతురు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉంటుంది. వాళ్లబ్బాయి కారు నేర్చుకుంటున్నప్పుడు ఫోను చేస్తే, "అక్కా, నాకు వంట కన్నా వీడి డ్రైవింగ్ లెక్కలే ఎక్కువైపోయాయి" అని నవ్వింది. అక్కడ విక్టోరియా రాష్ట్రంలో 21 ఏళ్ల లోపు పిల్లలు పరీక్షకు వెళ్లాలంటే లైసెన్సున్న పెద్దవాళ్లు పక్కన కూర్చోగా 120 గంటలు నడపాలి. రాత్రిపూట నడిపిన గంటలు కూడా అందులో ఉండాలి. ప్రతి ప్రయాణాన్నీ నమోదు చేయాలి. అది అయ్యాక కూడా పూర్తి లైసెన్సు రాదు. మొదటి ఏడాది బండికి ఎర్ర 'పి' పలక, తర్వాత మూడేళ్లు ఆకుపచ్చ 'పి' పలక. ఆ మొదటి ఏడాది తన ఈడు స్నేహితుల్లో ఒక్కరిని మించి ఎక్కించుకోకూడదు. మద్యం ఒక్క చుక్క తాగినా తప్పే. ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, నాలుగేళ్లకు గాని "ఇక నీ ఇష్టం" అనరు.

జపాన్‌లో కొత్తగా కారు లైసెన్సు వచ్చినవాళ్లు ఏడాది పాటు పసుపు, ఆకుపచ్చ రంగుల్లో లేత ఆకు లాంటి గుర్తును కారుకు పెట్టుకోవాలి. ఆ గుర్తున్న బండికి దారి ఇవ్వడం, మధ్యలో దూరి ఇబ్బంది పెట్టకపోవడం మిగిలినవాళ్ల బాధ్యత. బ్రిటన్‌లో మొదటి రెండేళ్లలో తప్పులకు ఆరు పాయింట్లు పడితే లైసెన్సు పోతుంది. మళ్లీ ఎల్ బోర్డు నుంచి మొదలు పెట్టాల్సిందే.

మన దగ్గర? కారు డ్రైవింగ్ స్కూలైతే కనీసం 21 రోజుల కోర్సు, అందులో కనీసం 10 గంటలు నడిపించాలని నియమాల్లో ఉంది. ఎక్కడ 10, ఎక్కడ 120! ఇక స్కూటీకి స్కూలే లేదు. ఆదివారం సాయంత్రం అన్నో, భర్తో వెనక పరుగెత్తుతూ "బ్రేక్... బ్రేక్..." అని అరిస్తే అదే స్కూలు.

వాళ్లకున్న మెట్లు మనకెప్పుడు వస్తాయో! అవి వచ్చేదాకా మన పిల్లలు ఎదురుచూస్తూ కూర్చోరు. అందుకే ఇంటి మెట్లు మనమే కట్టుకోవాలంటున్నాను.

మన రోడ్లు వేరు

పుస్తకంలో చదివిన రోడ్డు గుర్తులు మన రోడ్ల మీద సగం కనిపించవు. కనిపించేవి పుస్తకంలో ఉండవు! నిజాంసాగర్ ఆయకట్టులో కోతలు మొదలయ్యాయంటే రోడ్డు సగం కల్లమైపోతుంది. ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు, మీద కప్పిన నల్లటి పరదాలు. పగలే వడ్ల మీద చక్రం పడితే జారుతుంది, రాత్రయితే ఆ రాళ్లు మీదికొచ్చేదాకా కనబడవు. రైతును తిట్టి లాభం లేదు. కల్లాలు చాలక, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని అంటారేమోనన్న భయంతో ఆరబోస్తాడు. కానీ ఆ ఇంటి ఆడవాళ్లుగా మనం ఒక మాట చెప్పగలం. సాయంత్రం కుప్ప చేశాక రాళ్లు తీసెయ్యండి, మూల మలుపు దగ్గర పొయ్యకండి అని.

తర్వాత ట్రాక్టర్లు. వెనక ట్రాలీకి లైటుండదు. చెరకో, గడ్డో నిండుగా వేస్తే ఇరువైపులా అడుగు మేర బయటికి పొడుచుకొస్తుంది. వరికోత మిషను రోడ్డెక్కితే ఇక చెప్పనక్కర్లేదు. మందలు కొట్టాలకు మళ్లే వేళ బర్రెలది ఇంకో దారి. ఒక బర్రె దాటిందంటే వెనక ఇంకొకటి వస్తుందనే లెక్క. కొత్తగా నడిపేవాళ్లు మొదటి బర్రె దాటగానే హారన్ కొట్టి దూసుకుపోతారు. రెండోది అప్పుడే అడ్డం వస్తుంది!

ఇక మా ప్రాంతంలో ఎవ్వరూ మర్చిపోలేని రోజు 2022 మే 8. నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర ట్రాలీ ఆటో, లారీ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. పిట్లం మండలం చిల్లర్గికి చెందినవాళ్లు, చావు కార్యం ముగించుకుని ఎల్లారెడ్డి అంగడికి పోయి తిరిగి వస్తున్నవాళ్లు. సరుకులు మోయాల్సిన బండిలో ఇరవై మందికి పైగా మనుషులున్నారు. ఆ బండికి సీట్లు లేవు, పట్టుకోవడానికి ఆసరా లేదు. ఒక ఇంటి దుఃఖం తీరకముందే ఎన్నో ఇళ్లకు దుఃఖం వచ్చిపడింది. పెళ్లిళ్లకు, కార్యాలకు, నాట్లకు, కలుపులకు అలాంటి బండ్లలో ఎక్కువగా ఎక్కేది మన ఆడవాళ్లమే. "నేనెక్కను" అనే మాట డ్రైవరుకు చెప్పడం కూడా రోడ్డు భద్రతే.

మొదటి ఏడాదికి ఇంటి చట్టం

మా ఇంట్లో, మా చుట్టాలిళ్లలో కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకు నేను చెప్పేవి ఇవి. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి నెల తెలిసిన దారిలోనే, పగటి పూటే నడపాలి. ఇల్లు, బడి, అంగడి, ఆస్పత్రి చాలు. రుద్రూరు వైపూ, ఎల్లారెడ్డి వైపూ పెద్ద రోడ్డెక్కడం తర్వాత చూసుకోవచ్చు.

మొదటి మూడు నెలలు వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు. ఒంటరిగా నడిపే బండి వేరు, వెనక మనిషున్న బండి వేరు. బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో ఒరిగే తీరు మారుతుంది. మొదట లైసెన్సున్న పెద్దవాళ్లను ఎక్కించుకుని అలవాటు చేసుకోవాలి. పిల్లల్ని అందరికన్నా ఆఖరున ఎక్కించుకోవాలి.

ఊళ్లో వేగం 40 దాటొద్దు. ఎందుకో లెక్క చెబుతాను. 40లో పోతుంటే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది, అంటే ఒక ఆర్టీసీ బస్సంత దూరం. 60లో పోతుంటే దాదాపు 17 మీటర్లు, ఒకటిన్నర బస్సు. ఎదురుగా ఏదో కనబడి, మెదడుకు తెలిసి, చెయ్యి బ్రేకు మీదికి పోవడానికే ఒక సెకను పడుతుంది. కొత్తవాళ్లకు ఇంకొంచెం ఎక్కువే. అప్పటికింకా బ్రేకు పడనే లేదు! 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో నూటికి 71 మంది అతివేగం వల్లే పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క.

మొదటి వాన పడ్డ రోజు బండి తీయొద్దు. దుమ్మూ నూనే కలిసి రోడ్డు పాకుడు బండలా ఉంటుంది. తప్పదంటే అరగంట ఆగి, వాన రోడ్డును కడిగాక బయల్దేరాలి.

ఫోను డిక్కీలో ఉండాలి. చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని మాట్లాడేవాళ్లను, హెల్మెట్‌లోకి దోపుకునేవాళ్లను రోజూ చూస్తున్నాం. అత్తగారి ఫోనైనా సరే, బండి పక్కకు ఆపాకే!

తృటిలో తప్పిన ప్రమాదాలను ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. ఎక్కడ, ఏ టైముకు, ఏమయింది అని రెండు ముక్కలు చాలు. పాల లెక్క రాసుకున్నట్టే. రెండు నెలలకు తిరగేస్తే మీకే తెలుస్తుంది, మీరు ఎప్పుడూ ఒకే రకం చోట తడబడుతున్నారని. ఒకరికి కుడివైపు మలుపు, ఒకరికి ఎదుటి లైట్లు, ఇంకొకరికి లారీని దాటడం. ఏది కష్టమో తెలిస్తే దాన్ని అభ్యాసం చేయొచ్చు.

భర్తలకు కూడా ఒక మనవి. కొత్తగా నడిపే భార్య వెనకో పక్కనో కూర్చుని "అయ్యో, చూస్కో, గుద్దుతవ్" అని అరవకండి. ఆ అరుపుకే సగం ప్రమాదాలయ్యేట్టున్నాయి. చెప్పాల్సింది బండి ఆపాక చెప్పండి.

కారు నేర్చుకునే అక్కలకు రెండు మాటలు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి, అది చట్టం. ఆగాక డోరు తీసేముందు అద్దంలో వెనక్కి చూడాలి. సైకిల్ మీద వచ్చే ఒక పిల్లాడి ప్రాణం ఆ ఒక్క చూపులో ఉంటుంది.

చీర, చున్నీ, హెల్మెట్

స్కూటీ ఎక్కగానే చున్నీ రెండు కొసలూ వెనక ముడి వేసుకోవాలి. చీర కొంగు నడుముకు దోపుకోవాలి. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా బైకు వెనక చక్రాన్ని కనీసం సగం కప్పేటట్టు రక్షణ ఉండాలని నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి మెట్టు కూడా ఉండాలి. మనం చీర గార్డు అంటామే, అదే. కొత్త బైకు కొనగానే అందం చెడిపోతుందని కుర్రాళ్లు ఊడబీకిస్తారు. అమ్మ చీర కన్నా బైకు అందం గొప్పదా అని అడగండి.

2022లో హెల్మెట్ లేక దేశంలో చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది బండి నడిపినవాళ్లు కాదు, వెనక కూర్చున్నవాళ్లు! వెనక సీటు మన ఆడవాళ్ల సీటు కదా. ఆయన తలకు హెల్మెట్, ఈమె తలలో మల్లెపూలు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. 2023 ఫిబ్రవరి 15 నుంచి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే వాళ్లకు తగిన హెల్మెట్, నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి, వేగం 40 మించకూడదు. ముందు నిలబెట్టుకుని పోయే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి. హెల్మెట్ మీద ఐఎస్‌ఐ ముద్ర చూడండి. 2021 జూన్ 1 నుంచి ఆ ముద్ర లేనివి అమ్మడమే నేరం. రోడ్డు పక్క చవగ్గా దొరికే టోపీ పోలీసు కంటిని మోసం చేస్తుందేమో, రాయిని మోసం చెయ్యదు. గదమ కింద పట్టీ బిగించకపోతే మంచి హెల్మెట్ కూడా దండగే.

తాళంచెవి ఎవరి చేతిలో?

ఇప్పుడు చెప్పే మాట కొంచెం కటువుగా ఉంటుంది. తొమ్మిదో తరగతి కొడుకు చేతికి బండి తాళం ఇచ్చేది ఎక్కువగా తండ్రి కాదు. పాల ప్యాకెట్ కోసమో, చెల్లెల్ని ట్యూషన్‌కు దింపడానికో, కొత్తిమీర కట్ట కోసమో మనమే ఇస్తాం. "మావాడు పెద్దోళ్ల కన్న మంచిగ నడుపుతడు" అని పక్కింటివాళ్లతో మురిసిపోతూ చెబుతాం.

2019లో సవరించిన చట్టం ఏమంటోందో వినండి. మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "నాకు తెలియకుండా తీసుకుపోయాడు" అంటే కుదరదు, అది నిరూపించుకోవాల్సిన భారం మన మీదే. అంతకుముందే, 2018లో హైదరాబాదులో పిల్లలకు బండ్లిచ్చిన తల్లిదండ్రుల్ని కోర్టులు జైలుకు పంపాయి.

పోలీసులు మన చిన్న ఊళ్లకు రారులే అనుకుంటే ఇన్సూరెన్స్ సంగతి చూడండి. లైసెన్సు లేనివాళ్లు నడిపి ఎవర్నైనా గుద్దితే, కంపెనీ ఆ బాధితులకు డబ్బు కట్టినా బండి యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకునే హక్కు దానికుంటుంది. బండికి జరిగిన నష్టం ఇవ్వరు. సొంత బండి నడిపే యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా చెల్లే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. ఎకరం పొలం అమ్మినా తీరని అప్పు ఒక కొత్తిమీర కట్ట కోసం నెత్తిన పడొచ్చు. డబ్బు మాట అటుంచండి. గుద్దింది మన పిల్లాడు, పడింది ఇంకో తల్లి బిడ్డ. ఆ భారం ఆ పసివాడు జీవితమంతా ఎట్లా మోస్తాడు?

ఇది మన ఆడవాళ్లకూ వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా "ఊళ్లోనే కదా" అని తిరిగేవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఊళ్లో రోడ్డుకూ హైవేకూ చట్టం ఒకటే.

ప్రమాదం జరిగితే...

మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పారిపోకూడదు. వాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం నడిపినవాళ్ల విధి. భయమేసినా 108కి ఫోను చెయ్యండి. తల, మెడ దెబ్బలుంటే లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి, చున్నీ ఉన్నా చాలు.

దారిన పోయేవాళ్లు "మనకెందుకు కేసు" అని తప్పుకోనక్కర్లేదు. గాయపడ్డవాళ్లను మంచి మనసుతో ఆదుకున్నవాళ్లకు 2019 సవరణ చట్టం రక్షణ ఇచ్చింది. పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణయించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు ముందుగా డబ్బు కట్టకుండా వైద్యం అందాలి. ఈ సంగతి తెలిసి ఉంటే, డబ్బు లేదని ఆస్పత్రి గుమ్మంలో ఏడ్చే పరిస్థితి కొందరికైనా తప్పుతుంది.

అక్కలూ, చెల్లెళ్లూ! బండి మనకు రెక్కలిచ్చింది, నిజమే. గూట్లోంచి ఎగరడం నేర్చుకునే పిట్ట కూడా మొదటిరోజే చెరువు దాటదు, కొమ్మ నుంచి కొమ్మకే ఎగురుతుంది. మీ ఇంట్లో ఈమధ్య ఎవరికి లైసెన్సు వచ్చినా సరే, మీకైనా, మీ అమ్మాయికైనా, కోడలికైనా, ఇవాళ అన్నాలు తిన్నాక అందరూ కూర్చుని మొదటి ఏడాది రూల్సు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ దారిలో, ఏ వేళలో, ఎవరితో, ఎంత వేగంతో అని. ఆ కాగితాన్ని తాళంచెవులు తగిలించే మేకు పక్కనే అంటించండి. పద్దెనిమిది నిండనివాళ్ల చెయ్యి ఆ మేకు దాకా పోకుండా చూసే పని మాత్రం మనదే.